బావ కళ్ళ మసక

ఆదివారం

పులికాట్ ఒడ్డున అక్క వాళ్ళ ఊరికి వెళ్ళొచ్చాను. బావ నన్ను పడవెక్కించుకుని సరస్సులోకి తీసుకెళ్ళాడు. ఎదురుగా వల కట్టిన కర్రలున్నా పడవను నేరుగా వాటి మీదికే పోనిచ్చాడు. నేను అరిచాక గానీ ఆపలేదు.

"కనపళ్ళేదా బావా?"

"ఆరు నెల్ల నుంచి అంతా మసకేరా. మీ అక్కకు చెప్పబాక."

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఒడ్డుకు రాగానే బావ గొడ్డలికి పదును పెట్టడం మొదలుపెట్టాడు. చేపలు పడనప్పుడు సరుగుడు తోటల్లో చెట్లు కొట్టే కూలికి వెళ్తాడు. రేపూ పోవాలట. అన్నాల దగ్గర అక్కకు చెప్పేశాను.

అక్క లేచి గొడ్డలిని లోపల పెట్టి తాళం వేసింది. "రేపు సూళ్ళూరుపేటలో కంటి డాక్టరు కాడికి పోతన్నాం," అంది. బావ తలెత్తలేదు.

బస్సు దాకా అక్క ఒక్కతే వచ్చింది. చెప్పి మంచి పనే చేశాను. బావ నాతో మళ్ళీ ఎప్పటికి మాట్లాడతాడో...