లైట్ డ్యూటీ

జూన్ 17, అల్లవరం

స్ట్రిప్ మీద రెండు గీతలు. పెళ్లయిన నాలుగేళ్లకి. సుభాష్ స్కూలుకి బయలుదేరినవాడు గడప మీదే కూర్చుండిపోయాడు. పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి, నెలలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. అత్తయ్యగారికి ఇప్పుడే చెప్పొద్దనుకున్నాం. సాయంత్రానికి ఆవిడే కనిపెట్టేసి, కొబ్బరినీళ్లు తెచ్చి చేతిలో పెట్టారు.

జూన్ 19, డిపో

రైలు బళ్లకి మనుషుల్ని వేసే క్రూ కంట్రోలర్ శ్రీనివాసరావు గారికి చెప్పాను. ఇంజన్ ఎక్కకుండా ఆఫీసులో లైట్ డ్యూటీ ఇప్పించమన్నాను. ఆయన చెడ్డవారు కాదు. కుర్చీ వేయించారు. డాక్టరు కాయితం తెస్తే పైకి పంపుతానన్నారు. "ఆర్డరు వచ్చేదాకా మాత్రం బండెక్కాలమ్మా. మనుషులు లేరు" అన్నారు.

ఎదురుగా బోర్డు మీద ఖాళీలు నాకూ కనిపిస్తున్నాయి.

జూన్ 26, రన్నింగ్ రూమ్

కాయితం ఇచ్చాను. ఇంకా గూడ్సు మీదే ఉన్నాను. ఇంజన్‌లో బాత్రూమ్ ఉండదు. డ్యూటీ ఉందంటే ముందురోజు నుంచే నీళ్లు తగ్గించడం అసిస్టెంటుగా చేరినప్పటి నుంచీ అలవాటు. డాక్టరమ్మేమో నీళ్లు బాగా తాగమంది. తాగాను. వేరే రైలుకి దారివ్వడానికి లూప్ లైన్లో బండి ఆగితే తుప్పల్లోకి దిగాల్సి వచ్చింది. బండి నడిపే నా లోకో పైలట్ సత్తియ్యగారు రెండో వైపు దిగి, అటు తిరిగి నిలబడ్డారు. నేను ఎక్కేదాకా ఎక్కలేదు. ఆయనకి నా వయసు కూతురుంది.

జూలై 2

ఆర్డరు రాలేదు.

జూలై 5, శనివారం, అల్లవరం

సోమవారం దాకా రెస్ట్. దేవుడు చేసిన మేలు గురించి రేపు చర్చిలో అత్తయ్యగారు సాక్ష్యం చెబుతారట. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర మాటలు చిన్నగా చెప్పుకుని చూసుకుంటున్నారు. నేను విననట్టు చీర ఇస్త్రీ చేశాను.

మధ్యాహ్నం ఫోన్. రెస్ట్ కట్. ఇద్దరు సిక్‌లో ఉన్నారట. "ఈ ఒక్కసారికి రామ్మా" అన్నారు శ్రీనివాసరావు గారు. సుభాష్ వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆబ్సెంట్ వేస్తే నా ఫైలు అక్కడే పడుంటుందని భయం. ఆయ్, వస్తానండీ అన్నాను.

అమలాపురం బస్టాండు దాకా సుభాషే బైకు మీద దింపాడు.

జూలై 9, హాస్పిటల్

పోయింది.

ఆదివారం తెల్లారుతుండగా లూప్‌లో ఆగి ఉన్నప్పుడు నొప్పి మొదలైంది. సీటు తడిసింది. సత్తియ్యగారు వాకీటాకీలో స్టేషన్ మాస్టరుతో చెప్పారు. "మా అమ్మాయికి బాగోలేదండీ. అంబులెన్స్ పిలవండి. నేను బండి తియ్యనండీ." అప్పటిదాకా నన్ను "నా అసిస్టెంటు" అనేవారు.

ఇంజన్ వల్లే అని చెప్పలేమంది డాక్టరమ్మ. కాదనీ చెప్పలేమంది. సుభాష్ మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పింది.

అత్తయ్యగారు చర్చిలో లేచి నిలబడే వేళకి కబురు అందిందట. "మా కోడలి కోసం ప్రార్థన చెయ్యండమ్మా" అని కూర్చున్నారట.

జూలై 20, అల్లవరం

సుభాష్ ఉద్యోగం మానేయమంటున్నాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. నాకు ఇంజన్ అంటే ఇష్టమని తెలిసి కూడా.

సాయంత్రం ట్యాంకు నిండి పొంగుతున్నా మోటారు ఆపలేదు. పెరట్లోకి వెళ్లాను. మోటారు పక్కన గోడకి తిరిగి ఏడుస్తున్నాడు. స్విచ్ ఆపాను. ఇక దాచుకోవడానికి చప్పుడు లేదు. ఇద్దరం అక్కడే ఉండిపోయాం.

ఆగస్టు 4, డిపో

జాయినయ్యాను. ఆర్డరు వచ్చి ఉంది. లైట్ డ్యూటీ. శ్రీనివాసరావు గారు కాయితం ఇస్తూ నా మొహం చూడలేదు. "ఇది కాస్త ముందొస్తే..." అని ఆగిపోయారు. ఎవరూ దాన్ని రద్దు చేయలేదు. నేనూ అడగలేదు.

పని ఏమిటంటే, లోకో పైలట్లకి ఫోన్ చేసి డ్యూటీకి పిలవడం.

ఆగస్టు 9

ఫోన్ తీస్తే అవతల కుక్కర్ విజిల్. పిల్లల గోల. ఒకాయన కంచం ముందు కూర్చున్నానన్నాడు, ఒకావిడ ఆయన ఇప్పుడే పడుకున్నారండీ అంది. చివరికి అందరూ ఆయ్ అంటున్నారు. సాయంత్రానికి ఆ మాట పూర్తిగా వినకుండానే ఫోన్ పెట్టేస్తున్నాను.

ఆగస్టు 13

లక్ష్మీతులసి అని కొత్తగా వచ్చిన అసిస్టెంటు. రెస్ట్‌లో ఉంది. బొగ్గు బండి సిద్ధంగా ఉంది, ఇంకెవరూ లేరు. ఫోన్ చేశాను. రాలేనంది. ఎందుకని అడిగితే, "కొంచెం బాగోలేదండీ" అంది. మళ్లీ తనే, "ఆబ్సెంట్ వేస్తారాండీ? అయితే వచ్చేస్తానండీ" అంది.

పడుకోమన్నాను.

ఆగస్టు 14

బొగ్గు బండికి అసిస్టెంటుని పంపలేదని నాకు మెమో ఇచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నాను. బొగ్గు బండి ఇంకా యార్డులోనే ఉంది. కిటికీలోంచి కనిపిస్తోంది. పెట్టెల మీద కొంగలు వాలుతున్నాయి.