సాక్ష్యంలో చెప్పనిది

ఆదివారం రాత్రి, వైరా

ఈరోజు చర్చిలో అమ్మ నన్ను సాక్ష్యం చెప్పమని నిలబెట్టింది. "గాల్లో విమానం నడిపే నిన్ను దేవుడు ఎట్ల కాపాడుతుండో చెప్పు బిడ్డా" అంది.

లేచాను గానీ, మంగళవారం సంగతే గుర్తొచ్చింది. ఆ రోజు అది మా నాలుగో ట్రిప్పు. "పది నిమిషాలు కునుకు తీస్తా, నువ్వు చూసుకో" అన్నాడు కెప్టెన్. సరేనన్నాను. నాకు మెలకువ వచ్చేసరికి రేడియోలో ఎవరో మమ్మల్ని గట్టిగా పిలుస్తున్నారు. అది ఎన్నోసారి పిలవడమో! పక్కన కెప్టెన్ గురక. వెనక నలభై మంది ప్రయాణికులు.

"అంతా దేవుని కృప" అని కూర్చున్నాను. అందరూ ఆమెన్ అన్నారు. అబద్ధమేమీ చెప్పలేదు, అయినా సిగ్గేసింది.

సాయంత్రం ఆఫీసు నుంచి ఫోన్. నా సెలవు రద్దయింది, రేపు పొద్దున ఆరింటి ఫ్లైట్‌కి మనిషి లేడట. "రెస్టు దొరుకుతుంది కదా?" అని అడిగారు. ఇక్కడి నుంచి హైదరాబాద్‌కు రాత్రంతా బస్సులోనే అని వాళ్లకూ తెలుసు. "దొరుకుతుంది సార్" అన్నాను. ఎందుకన్నాను? లేదంటే ఏం చేసేవాళ్లు...

పదింటికి బస్సు. ఇప్పుడే అమ్మ చపాతీల డబ్బా బ్యాగులో సర్దుతూ అంది: "బస్సుల మంచిగ పండుకో బిడ్డా. డ్రైవరు మెలకువతోనే ఉంటడు గదా."