చిత్రిక పట్టిన తలుపు

బాబాయ్,

నీ ఫోను పలకడం లేదు, అందుకే పక్కింటాయన చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

వానలు మొదలైనప్పటి నుంచి నానమ్మ గది తలుపు పట్టేస్తోంది కదా. "చెక్క ఉబ్బుంటుందిలే, చిత్రిక పట్టు. ఇంజనీరువి అవ్వాలంటే ఒంటికి కాస్త చెక్కపొట్టు అంటాలి" అని పోయిన నెల వచ్చినప్పుడు నవ్వావు. పట్టాను. నాలుగు రోజులకే మళ్ళీ పట్టేసింది. మళ్ళీ పట్టాను. మూడోసారి హాయిగా మూసుకుంటే, నాకు పని వచ్చేసిందని మురిసిపోయాను కూడా.

ఇవాళ పొద్దున తలుపు మళ్ళీ సగంలోనే పట్టేసింది. అనుమానమొచ్చి, గోడ నిలువు చూడమని నువ్విచ్చిన తూకం గుండును తలుపున్న గోడకు లోపలివైపు దారంతో వేలాడదీశాను. పైన దారం గోడను తాకుతోంది. కింద గుండు మాత్రం గోడకు రెండంగుళాల ఎడంగా ఉంది. ఊగుతోందేమోనని ఊపిరి బిగబట్టి చూశాను. నిలకడగానే ఉంది బాబాయ్! చెక్క ఉబ్బలేదు, గోడే గదిలోకి వాలుతోంది. అది వాలినకొద్దీ నేను తలుపు చెక్కి దారిస్తూ వచ్చాను.

నానమ్మ మంచం ఆ గోడ పక్కనే. బయటికి రమ్మని కాళ్ళావేళ్ళా పడ్డాను. "నా చిన్నకొడుకు తన చేత్తో కట్టిన గోడే అది. నీకు గుండు పట్టుకోవడం రాక గోడకు వంక పెడతావా?" అని మంచం కోడు పట్టుకుని వదలడం లేదు.

వెంటనే రా. గోడ చూడ్డానికి కాదు. "అమ్మా, నేనే సరిగ్గా కట్టలేదు" అని ఆవిడతో నువ్వు చెప్పాలి. నువ్వు చెబితేనే లేస్తుంది.

నువ్వొచ్చేదాకా నేనూ ఆ మంచం మీదే కూర్చుంటాను.

నీ అన్న కూతురు