వాల్వు తాళంచెవి

సిరిసిల్ల,
అక్టోబరు 2011

సేటు గారికి నమస్కారం.

ఫోన్లో మీకు ఎదురు చెప్పే ధైర్యం లేక ఇది రాస్తున్నాను. కోరుట్ల వచ్చే పాలబండి అతను మీకు అందిస్తాడు.

సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి మన అద్దకం షెడ్డుకు వాడిన రంగునీళ్లు తీసుకుపోయే ట్యాంకరు రావడం లేదు. మొన్నటి వానకు రంగునీళ్ల గుంత నిండింది. "ఆఫీసర్లంత సమ్మెల ఉన్నరు, అడిగేటోడు లేడు. వాల్వు తిప్పి వాగుల ఇడిషిపెట్టు, లేకుంటే షెడ్డు ఖాళీ చెయ్యి" అన్నారు మీరు.

భివండి అద్దకం షెడ్లలో పన్నెండేళ్లు నేను చేసింది అదే. అక్కడ నీళ్లు సముద్రంలోకి పోయేవి. అంత సముద్రానికి ఇంత రంగు ఏం లెక్క అనుకునేవాణ్ని. మా గల్లీలో చేపలమ్మే శేవంతాబాయి ఒకరోజు ఖాళీ గంపతో వచ్చింది. వల పిండిన ఆమె వేళ్లు నా వేళ్లలాగే నీలంగా ఉన్నాయి. ఆ నీలం ఎక్కడిదని ఆమె అడగలేదు. నేను నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

మన వాగు మానేరులో, మానేరు గోదావరిలో కలుస్తుంది. ఆ తర్వాత సముద్రమే.

బస్సుల్లేవు, షెడ్డులోని మా గది ఖాళీ చేసి ఎక్కడికీ పోలేను. గుంత పొర్లి మా గదిలోకి వచ్చింది. "గీ రంగుల నిలవడి ఎన్ని దినాలు వండాలె?" అంటోంది నా భార్య. ఇద్దరం బకెట్లతో ఎత్తి డ్రమ్ములు నింపుతున్నాం. ఖాళీ డ్రమ్ములు రెండే మిగిలాయి.

వాల్వు తాళంచెవి ఈ కవరులో పెట్టాను. మీ మీద కోపంతో కాదు. మళ్లీ మబ్బు పట్టింది. అది నా దగ్గరుంటే నేనే తిప్పేస్తానని భయం.

మీ షెడ్డు మనిషి