నువ్వు పెట్టిన రూల్

అన్నా,

నువ్వు భివండీ వెళ్లిపోయాక సిరిసిల్లలో మన మగ్గాల షెడ్డు నేనే చూస్తున్నాను. నువ్వు వాడిన పాత కంప్యూటర్‌లోని షెడ్డు మెయిళ్లన్నీ ఈ రోజు కొత్తదానికి మార్పించాను. వాటితోపాటు నువ్వు పెట్టిన రూల్ కూడా వచ్చింది: సుజాత పంపిన మెయిల్ ఏదైనా నేరుగా చెత్తబుట్టకే పోవాలి. నా చీర అంచుల డిజైన్లన్నీ అక్కడే పడి ఉన్నాయి. ఒక్కటీ తెరవలేదు నువ్వు.

జగిత్యాలలో మా అత్తగారింటి నుంచి ఫోన్ చేసి అడిగితే, "నీ మెయిల్ రాలే చెల్లె, మీ జగిత్యాలల నెట్టే మంచిగుండదు" అనేవాడివి. నమ్మి మళ్లీ పంపేదాన్ని.

"గీ రూల్ తీసెయ్యాల్నా మేడం?" అని కంప్యూటర్ మెకానిక్ అడిగాడు.

"వద్దు. నా పేరు తీసి మా అన్న పేరు పెట్టు" అన్నాను.

ఈ ఉత్తరం పంపను. నువ్వు మాత్రం ఆర్డర్ ఇమ్మని అడుగుతూ మెయిల్ పెడతావుగా, పెట్టు. ఫోన్ చేస్తే చెప్తాను: "రాలే అన్నా, మీ భివండీల నెట్టే మంచిగుండదు."