మాణిక్యం ఫోన్‌లో ఏమన్నాడు

జూలై 7
మానేసర్ ప్లాంటులో ఇవాళ కూడా వర్కర్లెవరూ క్యాంటీన్ అన్నం ముట్టలేదు. కంపెనీ పెట్టిన యూనియన్ వద్దట, సొంత యూనియన్ కావాలట. హెచ్‌ఆర్‌లో కూర్చున్న నేను మాత్రం రాజ్మా చావల్ సుబ్బరంగా తిన్నాను. సిగ్గేసింది. అయినా తిన్నాను.

జూలై 9, మధ్యాహ్నం
మా హెచ్‌ఆర్ హెడ్ సార్ పిలిచి ఒక వీడియో పెట్టారు. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు చాటుగా తీసింది. వెల్డింగ్ షాపు మాణిక్యం భార్యతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ప్లాంటు మొత్తంలో తెలుగువాళ్లం మేమిద్దరమే. ఇక్కడ తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అని గొంతెత్తి మరీ మాట్లాడాడు, మహానుభావుడు! యూనియన్ కాగితాలు పట్టుకుని రాత్రికి చండీగఢ్ వెళ్తున్నాం, రేపు లేబర్ ఆఫీసులో ఇచ్చేస్తాం, ఎవరికీ చెప్పకు అంటున్నాడు.

క్యా బోల్ రహా హై, ఏమంటున్నాడో చెప్పమన్నారు సార్. చెబితే సాయంత్రానికల్లా అతను సస్పెండ్, కాగితాలు కదలవు. చెప్పకపోతే, నాది ఇంకా ప్రొబేషన్.

కూతురికి జ్వరమట సార్ అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

జూలై 11
సార్‌కి ఎక్కడలేని దయ పుట్టుకొచ్చింది. మాణిక్యం నిన్న సెలవు పెట్టాడు కదా, షాపులోకి వెళ్లి మరీ బేటీ కా బుఖార్ ఉతరా అని పాప జ్వరం తగ్గిందో లేదో అడిగారు. పక్కనే నేనూ ఉన్నాను. అతను ఒక్క క్షణం నావైపు చూసి, ఉతర్ గయా సాబ్ అన్నాడు. తర్వాత మెట్ల దగ్గర ఎదురైతే వీడియో సంగతి చెప్పాను. మా పాప గట్టిదండీ, దానికి జ్వరమే రాదు అని నవ్వాడు. బతికిపోయాను.

జూలై 30
చండీగఢ్ సంగతి సార్‌కి తెలిసిపోయింది. నన్నేమీ అడగలేదు. అదే భయంగా ఉంది.

నవంబర్ 18
యూనియన్ రిజిస్టర్ అయింది! గేటు బయట ఢోల్, లడ్డూలు. పైనుంచి చూస్తుంటే నాకూ గంతులేయాలనిపించింది. ఇంతలో మాణిక్యం చేతికి మైకిచ్చారు. మనిషి పొంగిపోయి, జ్వరం కథంతా పూసగుచ్చినట్టు హిందీలో చెప్పేశాడు. మా సాత్విక మేడమ్ లేకపోతే ఈ యూనియనే లేదు అన్నాడు. అందరూ నా కిటికీ వైపు తిరిగి చప్పట్లు. నా వెనకే హెడ్ సార్ నిలబడి ఉన్నారు. ఓరి నాయనో, నీ కృతజ్ఞత తగలెయ్య!

నవంబర్ 19
ఐడీ కార్డు తీసేసుకున్నారు. గేటు దగ్గర మాణిక్యం, నేనే మీ కొంప ముంచానండీ అని ఏడ్చాడు. ఏడవకు, నన్నూ యూనియన్‌లో చేర్చుకుని నా తరఫున కొట్లాడండి అన్నాను.

కుదరదటండీ, మీరు మేనేజ్‌మెంటు కదా అన్నాడు.