జ్వాల చేతిలో తలకిందుల పుస్తకం

హిందూపురం,
14-7-2025, సోమవారం.

అరుణా,

నా గుట్టు తీసుకుపోయి బజార్న పెట్టినావు. బాగున్నావా అని అడగను. బాగానే ఉంటావు, నీ బొమ్మలకు లైకుల మీద లైకులు పడతాండాయి.

ఫోన్ చేయొచ్చు గదా అంటావు. చేస్తే నువ్వు ఏడుస్తావు, నా కోపం దిగిపోతాది. దిగడం నాకిష్టం లేదు. పైగా అక్షరం రాని మొద్దని నన్ను బొమ్మేసినావు గదా, నాకు రాయడం వచ్చునో రాదో ఈ కాగితం చూసి తెలుసుకో.

నాకెట్ల తెలిసిందో విను. శనివారం గార్మెంట్సులో అన్నాలు తినేటప్పుడు మా లైన్ సూపర్‌వైజర్ దుర్గాప్రసాద్ ఫోన్ పట్టుకొని ఒకటే నవ్వు. ఏమప్పా, ఒక్కడివే నవ్వుకుంటాండావు అంటే, మెరుపు ముఠా చిన్నప్పుడు ఎట్లుంటారో ఎవరో బొమ్మల కథ వేసినారు, చూడు అని చూపించినాడు. మనం మీ ఇంటి టీవీ ముందర కూర్చొని పడీపడీ చూసిన కార్టూనే. ఇంటర్ చదివే పిల్లలు, స్కూటర్లేసుకొని దొంగల్ని పట్టేవాళ్ళు. వాళ్ళను నువ్వు రెండో తరగతి పిల్లల్ని చేసి, చీమిడి ముక్కులతో, గుండీలు ఊడిన చొక్కాలతో ముదిగుబ్బ పక్కన మన ఊరి ఒంటిగది బడిలో కూర్చోబెట్టినావు. మొదట్లో నేనూ నవ్వినా. పేరు చూడకముందే నీ చెయ్యని తెలిసిపోయింది. రిబ్బను లేక జడకు చీర అంచు చించి కట్టడం ఇంకెవరికి తెలుస్తాది?

ఐదో పేజీకి నా నవ్వు ఆగిపోయింది.

టీవీలో జ్వాల దొంగల రహస్య రాతల్ని రెప్పపాటులో చదివేస్తాది. నీ బొమ్మలో జ్వాల తెలుగు వాచకాన్ని తలకిందులుగా పట్టుకొని గట్టిగా చదువుతాండాది. ముఠాలో ఇంకో పిల్ల మేఘ పక్కనే ఉంటే, దాని నోరు ఓరకంట చూసి, అది ఏమంటే జ్వాల అదే అంటాండాది. మేఘ మాత్రం కుడిచేతి వేలు పెట్టుకొని బుద్ధిగా చదువుతాండాది. జ్వాల వేలు ఎడమచేతిది. ఎడమచెయ్యి, అరుణా. మన బడిలో ఎడమచేతి వాటం ఎవరిది? మన ఆటలో జ్వాల ఎవరు? ఒక్కరోజు నేనయితానే అని నువ్వు బతిమాలినా నేనిచ్చేదాన్ని కాదు, నువ్వు మేఘవే పో అనేదాన్ని. ఆ కసి ఇప్పుడు తీర్చుకుంటాండావా?

ఐదో తరగతి దాకా నాకు చదవడం రాదని, నీ నోరు చూసి వల్లించేదాన్నని, ఆ తర్వాత పాత పేపర్లు, బస్సు బోర్డులు పట్టుకొని నాకు నేనే నేర్చుకున్నానని భూమ్మీద ఒక్క మనిషికే చెప్పినా. పోయిన ఎండాకాలం, పెనుకొండ బస్టాండులో, చెరకురసం తాగుతా. ధర్మవరం నుంచి నువ్వు, హిందూపురం నుంచి నేను, ఇద్దరికీ నడిమధ్య అని ఎప్పుడూ ఆడే కలుస్తాం గదా. నేను చెప్తాంటే నువ్వు నవ్వలేదు, పోనీలేవే అనలేదు. గ్లాసులోకి చూస్తా ఊరికే ఉండిపోయినావు. పాపం, నా గురించి బాధపడతాండాది అనుకున్నా. ఇప్పుడు అర్థమయింది. కథ దొరికిందని లోపల దాచుకుంటాండావు.

దొరక్కుండా నువ్వు చేసిన పనులు కూడా కనిపెట్టినా. మన బడికి వాకిలి కుడిపక్కన కుళాయి. నువ్వు ఎడమపక్క వేసినావు. సారు కుర్చీ నల్లబోర్డుకు ఎడమపక్కన ఉండేది, దాన్ని తీసుకుపోయి కుడిపక్కకు వేసినావు. రేపు నేను అడిగితే, ఇది మన బడి కాదులేవే అని తప్పించుకోవడానికే గదా? ధర్మవరంలో చీరల డిజైన్లు గీసే చెయ్యి, గ్రాఫు కాగితం మీద ఒక్క గడి తప్పదు అని గొప్పలు పోతావే. ఆ చెయ్యికి కుళాయి యాడుండాదో తెలీదా?

ఆరో పేజీ ఇంకా ఘోరం. అచ్చం మన పోతులయ్య సారు మీసాలతో ఒక సారు వస్తాడు. జ్వాల చేతిలో పుస్తకాన్ని తిప్పి సరిగ్గా పెడతాడు. బడంతా విరగబడి నవ్వుతాది. జ్వాల గౌను అంచు నోట్లో కుక్కుకొని ఏడుస్తాది. ఇది పచ్చి అబద్ధం. ఐదు తరగతులకు ఆయన ఒక్కడే, నన్ను ఏనాడూ పట్టుకోలేదు. జనాన్ని నవ్వించడానికి కల్పించినావు. ఆ బొమ్మలో మేఘ చోటు ఖాళీ. అందరూ నవ్వే చోట నువ్వు మాత్రం లేవు. ఎంత తెలివి.

ఆ జ్వాల నేనేనని దుర్గాప్రసాద్‌కు ఇంకా తెలీదు. తెలిసేదానికి ఎంతసేపు? ఆయన సెలవు పెడితే బోర్డు మీద ఆ రోజు పని రాసేది నేనే. ఎంత కష్టపడితే వచ్చిందో నీకు తెలుసు. రేపు చాక్‌పీసు పట్టుకున్నప్పుడు, సరిగ్గా నిలబడే రాస్తాండావా, తలకిందులుగానా అని ఎవరన్నా ఒక్క మాటంటే నేనాడ ఉండలేను. మా అవ్వ తిట్లు, మా నాయన అప్పులోళ్ళను చూసి గొర్రెల దొడ్లో దాక్కున్న సంగతి, అన్నీ నీకు తెలుసు. నువ్వింకా పెట్టని ఏడో పేజీలో ఏమేస్తావో అని నాకు అన్నం సయించడం లేదు.

ఆ రెండు పేజీలు తీసెయ్. ఆదివారం పొద్దున పదింటికి పెనుకొండ బస్టాండుకు వచ్చి, ఎందుకు చేసినావో నా మొహం చూసి చెప్పు. రాకపోతే నీ నంబరు నా ఫోన్లో ఉండదు. మన ఊర్లో ఎదురుపడినా నేను పలకను.

చాముండేశ్వరి
(ఇంకెవరి బొమ్మా కాదు)

తా.క. మంగళవారం. కవరు అంటించేలోపు మా గదిలో ఉండే శోభారాణి ఆ పేజీలు చూసింది. వాళ్ళది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. చూస్తానే, ఇది మగ్గానికి గీసే చెయ్యి గదే అనింది. వాళ్ళ మగ్గం మీద చీర మంచిపక్క, అంటే కట్టుకుంటే పైకి కనబడే పక్క, కిందికుంటాదంట. నెమలి కుడికి చూడాలంటే గ్రాఫు మీద ఎడమకు గీయాలంట. ఆ అలవాటు ముదిరినోళ్ళు వాకిట్లో ముగ్గేసినా చిలక తిరిగే కూర్చుంటాదని నవ్వింది. మాటలు ఫోన్లో టైపు కొట్టినావు కాబట్టి సరిగ్గా ఉండాయి, బొమ్మలన్నీ కుడి ఎడమై తిరగబడినాయి అని చెప్పి, ఫోను తీసి అద్దం ముందర పెట్టింది.

అద్దంలో కుళాయి కుడిపక్కకు వచ్చింది. సారు కుర్చీ బోర్డుకు ఎడమపక్కకు పోయింది. జ్వాల వేలు కుడిచేతిదయింది. మేఘ వేలు ఎడమచేతిది.

అయితే మేఘ నేను. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నది నువ్వు. ఆ ఖాళీ చోటు నాది. రెండో తరగతిలో నాయన గొర్రెలు తోలుకొని చెన్నేకొత్తపల్లి పక్క పోతే, నేనూ వెంట పోయినా. అప్పుడు నీ పక్కన చూడ్డానికి నోరు లేక, సారుకు నువ్వు దొరికిపోయినావు. నేను తిరిగొచ్చినాక చానా దినాలు నువ్వు నాతో మాట్లాడలేదు. ఎందుకో నిన్నటిదాకా నాకు తెలీదు.

పైన రాసింది కొట్టేయను. ఎంత కోపం వచ్చిందో నీకు తెలియాల. పేజీలు తీయొద్దు. జ్వాల వేషం ఇంక నువ్వే ఉంచుకో. ఆదివారం పదింటికి రావడం మాత్రం తప్పదు, గ్లాసులోకి చూస్తా కూర్చుంటే ఒప్పుకోను. ఒక్కదానికి జవాబు కావాల. నేను నీ నోరు చూసి చదివినా. నువ్వు నా నోరు చూసి చదివినావు. మరి ఆ పాఠం మనిద్దరిలో చదివిందెవరు?